రబ్బరు రాసిన గీత

మాసబ్ ట్యాంక్ కాలేజీలో మూడో అంతస్తు.
ఫ్యాను వేస్తే కాగితాలెగురుతాయని
చెమటలోనే కూర్చున్నాం పదకొండు మందిమి.
పాత నగరాల కోసం ఎవరెవరో కన్న కలలని
తలా ఒకటి పంచారు హైమవతి మేడమ్.
నాకొచ్చింది ఈ ఊరే.
మూసీకి రెండు దరులా మెట్లు మెట్లుగా దిగే తోటలు,
నడిచేవాళ్లకి మాత్రమే వంతెనలు,
అఫ్జల్‌గంజ్ నుంచి డబీర్‌పురా దర్వాజా దాకా
కమాన్లతో కప్పిన, ఎండ పడని దారి.
గీసినాయన పోయి చాలా ఏళ్లు.
ఆ దారిలో ఒక్క రాయీ పడలేదు.

"ప్రెసిడెంట్ స్టడీ నాన్నా" అంటే
"ఏ దేశం ప్రెసిడెంటు బిడ్డా?" అన్నాడు ఫోన్లో.
జగద్గిరిగుట్టలో సెంట్రింగ్ మేస్త్రి.
"ముందటోళ్ల పని చూసి నేర్చుకునుడు" అన్నాను.
వెనక ఎవరో మేకులు కొడుతున్నారు.
అది ఆగాక అడిగాడు,
"కట్టనే కట్టనోని కాడ ఏం నేర్సుకుంటవే?"

బటర్ పేపరు పరిచి నక్షాకి నకలు తీశాను.
నక్షా, నకలు
ఒకే దుకాణంలో కొన్న మాటల్లా ఉంటాయి.
చేయి అలవాటు పడ్డాక తెలిసింది ఆయన తొందర:
పత్తర్‌గట్టీ పక్కనుంచి ఒక గీత
ఊపిరి తీసుకోకుండా వెళ్లిపోతుంది.
అలాంటి గీతలంటే నాకు అసూయ.
నాది అంగుళానికోసారి ఆగుతుంది,
బస్సులో "జరగండి" అనడం చేతకాని మనిషిలా.

అసలు కాగితం ఒక్కసారి చూడనిచ్చారు,
చేతులు కడుక్కొచ్చాక.
కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే
పురానీ హవేలీకి ఇవతల ఒకచోట
కాగితానికి నూగు లేచింది.
చెరిపాడు. మళ్లీ గీసి, మళ్లీ చెరిపాడు.
తిన్నగా పోవాల్సిన దారి
అక్కడ అర సెంటీమీటరు వంగింది.
పేరు లేదు, అంకె లేదు.
జిరాక్సులో వంపు వచ్చింది కానీ
ఆ గరుకు రాలేదు.

సబీహాది డబీర్‌పురా.
ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని పోయాం.
స్కేలు లెక్కన అర సెంటీమీటరంటే పది మీటర్లు.
ఆ పది మీటర్లలో ఉన్నవి:
తాళాలు బాగుచేసే కొట్టు, దానికే తాళం.
ఒక చబుత్రా, దాని మీద కోడి.
డంగుసున్నపు గోడ. బళ్లు మలుపు తిరిగి తిరిగి
దాని మూల అరిగి సబ్బుబిళ్లలా ఉంది.
ముందు ఇక్కడేముండేదని అడిగితే
పాలప్యాకెట్లతో పోతున్న పెద్దాయన
"క్యా రహింగా అమ్మా, గల్లీచ్ థీ" అన్నాడు.
సబీహా నవ్వింది.
నేను గోడకి టేపు ఆనించి
ఏం కొలుస్తున్నానో తెలియకుండానే కొలిచాను.
ఎండలో తిరుగుతున్న ఆయనకి
ఎవరైనా ఇక్కడ నీళ్లిచ్చారేమో.
కుక్క వెంటపడిందేమో.
ఏమీ జరగలేదేమో,
రాత్రి బల్ల ముందు కూర్చుంటే
ఆ గోడ మూల గుర్తొచ్చిందేమో.

జ్యూరీకి బయటి నుంచి వచ్చిన సారు
"తోటలు సరే, కాన్సెప్ట్ ఏంటి?" అన్నారు.
వంపు మీద వేలు పెట్టాను.
"ఇక్కడ ఆయనకి చేతులు రాలేదు సార్."
"డ్రాఫ్టింగ్‌లో తప్పయ్యుంటుంది" అని
నా షీటు మూలన ఏదో రాసుకున్నారు.
వందకి యాభై నాలుగు.

రాత్రి నాన్నకి చెప్పాను, మార్కులు కాదు, వంపు.
చాలాసేపు మాట్లాడలేదు.
లైను కట్టయిందనుకున్నాను.
"తిన్నగైతే అగ్గువల అయితది.
వంపుకి బల్లలు కోసుకోవాలె,
ఒక్కో కమానుకి ఒక్కో అచ్చు.
ఒకదానికి కొట్టింది ఇంకోదానికి పనికిరాదు..."
అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
"ఎన్ని మీటర్లన్నవ్?"